కాన్వెంటు అంటే బడి ఎలా అయింది?

“మా పాపను కాన్వెంటులో చేర్పించాం” అని హనుమకొండలోనో, కాజీపేటలోనో ఎవరైనా అంటే, అది బడి అని మనకు వెంటనే తెలిసిపోతుంది. నిజానికి కాన్వెంటు అంటే బడి కాదు. కన్యస్త్రీలు కలిసి జీవించే మఠం. మరి మఠం పేరు బడికెలా వచ్చింది?

ఇది తెలుసుకోవాలంటే 1871 నాటి సికింద్రాబాదుకు వెళ్ళాలి. ఆ రోజుల్లో మన వరంగల్లు ప్రాంతం కూడా హైదరాబాదు మేత్రాణుల ఆధ్వర్యంలోనే ఉండేది. ఆ ఏడు ఇటలీలోని తూరిను నగరం నుండి పునీత అన్నమ్మ సభ కన్యస్త్రీలు అక్కడికి వచ్చారు. అప్పటికి సికింద్రాబాదుకు రైలు లేదు. అది వచ్చింది 1874లో. భాష తెలియదు, ఎండలు అలవాటు లేవు. అయినా వచ్చీ రాగానే ఆడపిల్లలకు బడి తెరిచారు. ఆ బడి నేటికీ నడుస్తోంది.

వారికి ఈ మార్గం చూపినవారు తంక్రేది, జూలియా అనే బరోలో దంపతులు. గొప్ప సంపన్నులు, కాని సంతానం లేదు. 1814లో జూలియా తూరిను చెరసాలలో మగ్గుతున్న స్త్రీల దుస్థితి చూసి చలించిపోయారు. తరువాత వారి మధ్య కూర్చుని చదువు చెప్పారు. పనికి వెళ్ళే తల్లుల పసిబిడ్డలకు ఆ దంపతులు తమ భవనంలోనే బడి పెట్టారు. 1834లో పునీత అన్నమ్మ సభను స్థాపించారు.

బోధనకు అంకితమైన మఠాల కట్టడంలోనే ఈ ఆశయం కనబడుతుంది. లోపలి భాగం కన్యస్త్రీల నివాసం. బయటివారికి ప్రవేశం లేదు. నడుమ ప్రార్థనాలయం. ముందువైపు అతిథుల గది. వీధికి దగ్గరగా బడి. మన ఎండలకు తగినట్లు ఎత్తైన కప్పులు, పొడవైన వరండాలు. ప్రార్థన లోపల, సేవ గుమ్మం దగ్గర! జనం చూసింది ఆ గుమ్మాన్నే. అందుకే మఠం పేరు బడి పేరైపోయింది.

1952లో వరంగల్లు ప్రత్యేక మేత్రాసనమైంది. అల్ఫోన్సో బెరెత్తా మేత్రాణులు దానికి తొలి కాపరి. కాజీపేటలో ఫాతిమా మాత పేరిట ఫాతిమానగర్ వెలసింది.

నేడు మఠమే లేని బడులు కూడా కాన్వెంటు పేరు పెట్టుకుంటున్నాయి. పేరు తీసుకోవడం సులువే. కాని ఆ పేరును సంపాదించి పెట్టింది ఇంగ్లీషు చదువు కాదు, ఎవరూ పట్టించుకోని పిల్లలకోసం తెరిచిన తలుపు. మన పిల్లలను ఏ బడిలో చేర్చినా, ఆ తలుపు పేదబిడ్డకు కూడా తెరుచుకుంటుందా అని ఒక్కమారు అడుగుదాం.