గోడ దాటని వైఫై!

హాల్లో సినిమా ఆగకుండా ఆడుతుంది. వెనకగదిలో ఫొటో కూడా తెరుచుకోదు. బిల్లు కట్టేది ఇల్లంతటికీ, నెట్ వచ్చేది ఒక్క గదికీ! ఇంకాస్త పెద్ద ప్లాన్ తీసుకుంటే సరిపోతుందనుకుంటారు చాలామంది. కానీ ఆ పని చేసేముందు ఓసారి ఇంటి గోడలవంక చూడాలి.

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే జాతీయ రహదారి మీద నార్కట్‌పల్లి దాటాక, నకిరేకల్ రాకముందు తగులుతుంది కట్టంగూర్. నల్గొండ జిల్లాలోని ఇలాంటి ఊళ్లలో ఒకే వాకిట్లో మూడు కాలాల ఇళ్లు కనిపిస్తుంటాయి. తాతలనాటి రాతిగోడల పెంకుటిల్లు, దానికి ఆనుకుని తండ్రి పోయించిన స్లాబు, ఆ పైన కొడుకు వేయించిన రేకుల గది. మనుషులు తిరగడానికి తలుపులున్నాయి. వైఫైకి మాత్రం అడుగడుగునా అడ్డుగోడలే.

2020లో కరోనా వల్ల బడులు మూతపడి, పాఠాలు ఫోన్లలోకి వచ్చినప్పుడు ఈ ఇబ్బంది చాలా ఇళ్లకు తెలిసొచ్చింది. చదువుకునే పిల్లకు కావలసింది నిశ్శబ్దం. అది దొరికేది వెనకగదిలో. సిగ్నల్ దొరికేదేమో టీవీ మోగే హాల్లో! అమెరికాలో ఉన్న మనవడు వీడియో కాల్ చేస్తే, మంచం మీదున్న నానమ్మను ముందుగదిలోకి నడిపించుకు రావాలి. బతుకమ్మకు ఊరొచ్చిన కొడుకు ఆఫీసు పని కోసం లాప్‌టాప్ పట్టుకుని వరండాలో కూర్చోవాలి.

రాయికీ ఇనుముకూ లొంగుతుంది

వైఫై అంటే రేడియో తరంగాలే. మనదేశంలో ఇళ్లలో వాడే రూటర్లు ముఖ్యంగా రెండు బ్యాండ్లలో పనిచేస్తాయి. ఒకటి 2.4 గిగాహెర్ట్జ్, రెండోది 5 గిగాహెర్ట్జ్. మొదటిదాన్ని లైసెన్సు లేకుండా వాడుకోవడానికి ప్రభుత్వం 2005లోనే అనుమతించింది. దాని వేగం తక్కువ, గోడలు దాటే శక్తి ఎక్కువ. రెండోది వేగంలో మేటి, కానీ రెండు గోడలు అడ్డొస్తే నీరసపడిపోతుంది.

అన్ని గోడలూ ఒకటి కాదు. చెక్క తలుపును తరంగాలు సులువుగానే దాటతాయి. ఇటుక గోడ దగ్గర కొంత బలం పోగొట్టుకుంటాయి. మందపాటి రాతిగోడ, ఇనుప చువ్వల స్లాబు దగ్గర ఇంకా ఎక్కువ పోతుంది. ఇనుప రేకు, బీరువా, ఫ్రిజ్, నిలువుటద్దం వెనకనున్న పూత వాటిని తిప్పికొడతాయి. నీళ్ల ట్యాంకు మింగేస్తుంది. మైక్రోవేవ్ ఒవెన్ కూడా 2.4 గిగాహెర్ట్జ్ దరిదాపుల్లోనే పనిచేస్తుంది కాబట్టి, అది తిరుగుతున్నంతసేపూ పక్కనున్న రూటర్‌కు తిప్పలే.

ఇక రూటర్‌ను పెట్టేచోటు. కేబుల్ వీధివైపు నుంచి వస్తుంది కాబట్టి, ముందుగది కిటికీ పక్కనే పెట్టె బిగించేస్తారు. దాంతో సిగ్నల్‌లో చాలాభాగం వీధిపాలు! పాత ఇంట్లో అందంగా ఉంటుందని గోడ గూట్లో పెడితే... అయిదు వైపులా రాయే.

ముందు పరీక్ష

రూటర్ ఉన్న గదిలోనే నిలబడి వేగం చూడండి. అక్కడే మందకొడిగా ఉంటే గోడలను తిట్టి లాభంలేదు, లోపం లైన్లోనో ప్లాన్‌లోనో ఉన్నట్లు. అక్కడ బాగుండి వెనకగదిలో పడిపోతే సమస్య ఇంట్లోనే ఉంది. ఫోన్లో సిగ్నల్ బలాన్ని చూపే ఉచిత యాప్‌లు ఉన్నాయి. ఒకటి వేసుకుని గది గదికీ నడవండి. మైనస్ 50 డీబీఎం అంటే భేషుగ్గా ఉన్నట్లు. మైనస్ 67 దాకా వీడియో కాల్‌కు ఢోకా ఉండదు. మైనస్ 80 దాటితే కష్టమే. ఇక్కడో చిన్న లెక్క... 10 అంకెలు తగ్గాయంటే అందే శక్తి పదోవంతుకు పడిపోయిందన్నమాట!

పైసా ఖర్చు లేకుండా

మొదటి మందు చోటు మార్చడం. ఇంటి మధ్యలో, మనిషి భుజంకన్నా ఎత్తులో, నాలుగు వైపులా ఖాళీగా ఉండేచోట పెట్టాలి. రెండంతస్తుల ఇంట్లో మెట్లదారి పక్కన పెడితే స్లాబు అడ్డు కొంత తప్పుతుంది. ఫైబర్ తీగను మాత్రం మీరే లాగి వంచకండి. అది గాజు, విరిగిపోతుంది. ఆ పని లైన్‌మన్‌తో చేయించుకోవాలి.

దూరపు గదుల్లోని ఫోన్లను 2.4 బ్యాండ్‌లో, రూటర్ దగ్గరి టీవీని 5 బ్యాండ్‌లో పెట్టుకోవచ్చు. ఇరుగుపొరుగు రూటర్లు ఎక్కువగా ఉంటే 2.4లో 1, 6, 11 ఛానళ్లలో ఖాళీగా ఉన్నదాన్ని ఎంచుకోవాలి.

అయినా అందకపోతే

చాలామంది రిపీటర్ కొని, సిగ్నల్ రాని గదిలోనే పెట్టేస్తారు. తనకే అందనిది అది ఇంకొకరికి ఏం పంచుతుంది? సిగ్నల్ బాగా ఉన్న సగం దూరంలో పెట్టాలి. ఒకే రేడియోతో అందుకుని, దాంతోనే పంపే రకమైతే వేగం దాదాపు సగమవుతుంది. మెష్ పెట్టెలు ఒకే పేరుతో ఇల్లంతా నెట్ ఇస్తాయి. కానీ మందపాటి రాతిగోడ మధ్యలో ఉంటే వాటికీ ఇబ్బందే.

అలాంటి ఇంటికి నమ్మకమైన దారి పాత పద్ధతే... తీగ! ముందుగది రూటర్ నుంచి క్యాట్ 6 కేబుల్‌ను దర్వాజ మీదుగా, కిటికీ సందులోంచి వెనకగదికి తెచ్చి రెండో రూటర్‌కు తగిలించాలి. ఒక్క కేబుల్ 100 మీటర్ల దాకా పనిచేస్తుంది. మూల పడేసిన పాత రూటర్ ఉంటే అదీ సరిపోతుంది. సెట్టింగుల్లో దాన్ని యాక్సెస్ పాయింట్‌గా మార్చుకుంటే చాలు. కరెంటు కోతలుంటే చిన్న యూపీఎస్ కూడా పెట్టుకోవచ్చు. అయితే ఇంట్లో ఎన్ని పెట్టెలుంటే అన్నిటికీ కరెంటు అందాలి.

ప్లాన్ పెంచితే వేగం పెరిగేది పెట్టె దాకానే. అక్కణ్నుంచి మంచం దాకా, పుస్తకాల బల్ల దాకా చేర్చాల్సింది ఇంటివాళ్లే. అందుకే రూటర్ ఎక్కడుండాలో లైన్‌మన్ తొందర మీదో, టీవీ స్టాండు అందం మీదో వదిలేయకండి. ఇంట్లో ఎవరికి అవసరం ఎక్కువో, వాళ్లనే అడగండి!