గోధుమ మానేసే ముందు



"నాకు పడటం లేదండీ, గోధుమ మానేశాను" అనే మాట ఈమధ్య మా నరసన్నపేటలో కూడా వినబడుతోంది. రాత్రిపూట అన్నం మాని చపాతీలు తింటే మంచిదని మొన్నటిదాకా అనుకున్నాం. ఇప్పుడేమో కడుపుబ్బరానికి ఆ చపాతీయే కారణం అంటున్నారు. ఏది నమ్మాలి? ముందు మా ఇంటి సంగతి ఒకటి చెప్పి, తర్వాత అసలు విషయానికి వస్తాను.

మా పెద్దమ్మ కూతురు, నాకు అప్ప, భిలాయిలో కాపురం. అక్కడ రెండుపూటలా రొట్టెలే. ఏళ్ళ తరబడి విరేచనాలు, నీరసం. రక్తం తక్కువగా ఉందని ఐరన్ మాత్రలు ఎన్ని మింగినా రక్తం పట్టలేదు. పుట్టింటికి వచ్చి ఓ నెల్లాళ్ళు అన్నం తిని, చోడి అంబలి తాగితే మనిషి తేరుకునేది. "మన ఊరి నీళ్ళే నాకు పడతాయే" అనేది. మేమూ అలాగే అనుకున్నాం. తిరిగి వెళ్ళిన నెలకల్లా మళ్ళీ మామూలే. అది నీళ్ళ మహిమ కాదు, రొట్టె సంగతి అని తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

గోధుమలో ఏముంది? చపాతీ పిండి ముద్దను నీళ్ళలో పిసుకుతూ కడిగి చూడండి. తెల్లటి పాలు పోయి, చివరికి రబ్బరులా సాగే ముద్ద చేతిలో మిగులుతుంది. అదే గ్లూటెన్ అనే మాంసకృత్తు. రొట్టె చిరగకుండా సాగేది దీనివల్లే. గోధుమలో, బార్లీలో ఇది ఉంటుంది. బియ్యం, చోళ్ళు, గంటెలు, జొన్నలు, కొర్రలు, సామల్లో ఉండదు.

చాలామందికి గ్లూటెన్ ఏ హానీ చెయ్యదు. కొందరికి మాత్రం అది లోపలికి వెళ్ళగానే శరీరం తన చిన్నపేగు మీద తానే తిరగబడుతుంది. పేగు లోపలిగోడ టర్కీ టవలులా నూగుతో ఉంటుంది. తిన్న తిండిలోని సారాన్ని పీల్చేది ఆ నూగే. అది అరిగిపోతే ఎంత తిన్నా ఒంటికి పట్టదు. దీనికే సీలియాక్ జబ్బు అని పేరు. పిల్లల్లో ఎదుగుదల ఆగడం, పెద్దవాళ్ళలో మందులకు లొంగని రక్తహీనత, ఎముకలు గుల్లబారడం దీని గుర్తులు. కొందరికి విరేచనాలే ఉండవు.

దీని గుట్టు బయటపడిన తీరు మా అప్ప కథలాగే ఉంటుంది. హాలెండులో డికె అనే పిల్లల డాక్టరుకు గోధుమ మీద ముందునుంచీ అనుమానం ఉండేది. 1944-45 చలికాలంలో, యుద్ధం వల్ల అక్కడ రొట్టె దొరకలేదు. ఊరంతా ఆకలితో అలమటిస్తుంటే ఈ జబ్బు పిల్లలు మాత్రం కాస్త కోలుకున్నారు. రొట్టె తిరిగి రాగానే మళ్ళీ జబ్బు పడ్డారు. 1950లో ఆయన ఈ సంగతి గ్రంథస్థం చేశారు.

మన దేశంలో జరిపిన ఒక పెద్ద సర్వే ఫలితాలు 2016లో వెలువడ్డాయి. ఈ జబ్బు సూచనలు రక్తంలో కనిపించినవారు ఉత్తరాదిన వెయ్యికి పన్నెండుమంది, దక్షిణాదిన వెయ్యికి ఒక్కరే. జన్యువుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. గోధుమ వాడకం మాత్రం అక్కడ సగటున రోజుకు 455 గ్రాములు, ఇక్కడ 25 గ్రాములు. కాబట్టి మన వైపు ఇది అరుదే. కాని మన వంటిళ్ళలో చపాతీ, పరోటా, బ్రెడ్డు పెరుగుతున్న కొద్దీ అసలు లేదనుకోవడానికీ వీల్లేదు.

కడుపుబ్బరమల్లా సీలియాక్ కాదు. పాలు పడకపోయినా, అమీబా ఉన్నా అవే బాధలు. గోధుమ తిన్న వెంటనే దద్దుర్లు, ఆయాసం వస్తే అది ఎలర్జీ, వేరే సంగతి. ఇంకొందరికి పరీక్షలన్నీ బాగానే ఉన్నా గోధుమ తింటే ఇబ్బందే. అలాంటివారిలో కొందరికి గ్లూటెన్ కాకుండా, గోధుమలోనూ ఉల్లిలోనూ వెల్లుల్లిలోనూ ఉండే ఫ్రక్టాన్ అనే పిండిపదార్థం అరగకపోవడం కారణం కావచ్చు.

ఇక ముఖ్యమైన మాట. పరీక్ష చేయించుకోకుండా గోధుమ మానెయ్యకండి. మా అప్ప ఎవరో చెప్పగా మానేసింది. కొన్ని నెలలకు డాక్టరు పరీక్ష రాస్తే, ఏమీ లేదని వచ్చింది! తినడం మానేస్తే రక్తంలోని గుర్తులు తగ్గిపోతాయి, పేగూ మానుతుంది. జబ్బు తేలాలంటే పాపం మళ్ళీ ఆరువారాలు రోజూ రొట్టె తిని, ఆ బాధంతా పడి పరీక్షకు వెళ్ళవలసి వచ్చింది. అప్పుడు బయటపడింది.

ఆ రక్తపరీక్ష పేరు టి.టి.జి. అందులో తేడా కనిపిస్తే నోటిగుండా గొట్టం దింపి, చిన్నపేగునుంచి చిన్న ముక్కలు తీసి చూస్తారు. జబ్బు తేలితే తోబుట్టువులకూ పిల్లలకూ కూడా పరీక్ష చేయించాలి. అప్పకు తేలబట్టే వాళ్ళ అమ్మాయికీ చేయించారు. అందుకే పేరు తేలడం అవసరం.

జబ్బు ఉంటే జన్మంతా పథ్యమే. కొంచెం తింటే ఏమౌతుందిలే అనకూడదు. చపాతీ, బొంబాయి రవ్వ, మైదా, సేమ్యా సరే, అవి కంటికి కనబడతాయి. కనబడనివి చూడండి: కూటు ఇంగువలో గోధుమపిండి కలుపుతారు, పాలలో కలిపే మాల్టు పొడుల్లో బార్లీ ఉంటుంది, మాడుగుల హల్వా గోధుమపాలతోనే చేస్తారు. గోధుమలు ఆడిన పిండిమిల్లులో మన బియ్యం ఆడిస్తే ఆ పిండీ కలుస్తుంది. అందుకని ఇంట్లోనే మిక్సీలో ఆడుకోవడం మేలు. గ్లూటెన్ లేదని ముద్రించిన సరుకులో కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి ఉండకూడదని మన ప్రభుత్వ నియమం.

పరీక్షలో ఏమీ లేదని తేలి, అనుమానం ఇంకా ఉందా? అప్పుడు డాక్టరుకు చెప్పి ఓ ఆరువారాలు మాని చూడండి. ఏ రోజు ఏం తిన్నారో, ఎలా ఉందో నోటు పుస్తకంలో రాసుకోండి. తర్వాత మళ్ళీ తిని చూడండి. తేడా లేకపోతే గోధుమ నేరం చెయ్యలేదన్నమాట. పిల్లలకు మాత్రం ఇటువంటి ప్రయోగాలు సొంతంగా చెయ్యకండి. షుగరున్నవారు చపాతీ మాని ఆ ఖాళీని అన్నంతో నింపితే చక్కెర పెరగవచ్చు, అది కూడా అడిగి చెయ్యాలి.

ఇప్పుడు మా అప్ప భిలాయిలోనే ఉంది. సంక్రాంతికి ఊరు వచ్చి వెళ్ళేటప్పుడు చోడిపిండీ గంటెలూ మూట కట్టుకుపోతుంది. రక్తం పట్టింది. "ఆ పరీక్షేదో ముందే చేయించుకుంటే పదేళ్ళు కలిసొచ్చేవే" అంటుంది. ఆ పదేళ్ళు మీలో ఎవరూ పోగొట్టుకోకూడదనే ఇంతసేపు చెప్పాను.