గోల్కొండ సమాధులు – షెబ్నా సమాధి

మర్కూక్‌లో మా సంఘపెద్దలు మందిర ఆవరణములో నా సమాధికి స్థలము కేటాయిద్దామన్నారు. ఆ తరువాత గోల్కొండ దగ్గరి కుతుబ్‌షాహీ సమాధులను చూచినప్పుడు యెషయా 22వ అధ్యాయము నాకు తేటపడినది.

ఈ వంశము 1518 నుండి 1687 వరకు ఏలినది. మొదటివాడైన సుల్తాన్ కులీ బ్రతికియుండగానే తన సమాధిని కట్టించుకొన్నాడు. హైదరాబాదును స్థాపించిన మహమ్మద్ కులీ సమాధి ఎత్తు సుమారు 42 మీటర్లు. పైన కనబడు రాతి సమాధి గుర్తు మాత్రమే. దేహమును పాతిపెట్టినది క్రింది నేలగదిలో. శవములను కడిగిన స్నానశాలయు అక్కడ నిలిచియున్నది.

అయితే ఆఖరి రాజు అబుల్ హసన్ తానాషా సమాధి ఇక్కడ లేదు. 1687లో ఔరంగజేబు అతనిని పట్టుకొని దౌలతాబాదు కోటలో బంధించాడు. అతడు చెరలోనే చనిపోగా ఖుల్దాబాదులో పాతిపెట్టారు.

రాజగృహ నిర్వాహకుడైన షెబ్నా ఎత్తైన చోట తనకు సమాధి తొలిపించుకొనుచుండగా, అతడు పరదేశములో చనిపోవునని ప్రవక్త చెప్పాడు (యెషయా 22:15-18). సమాధి దోషము కాదు, అబ్రాహాము శారా కొరకు 400 తులముల వెండికి మక్పేలా పొలమును కొన్నాడు (ఆది. 23:16). ప్రజల కొరకు ఇయ్యబడిన పదవిని తన పేరుకు వాడుకొనుటయే షెబ్నా దోషము. అందుకే అతని స్థానములోనికి వచ్చు ఎల్యాకీము ప్రజలకు తండ్రియగునని వ్రాయబడినది (22:21).

ఊరి సమాధుల తోటలో, నేను పాతిపెట్టిన విశ్వాసుల ప్రక్కనే నాకు చోటు చాలునని పెద్దలకు చెప్పాను.