షట్టర్ పడితే మళ్లీ ఎప్పుడు లేస్తుంది?

వరద, లాక్‌డౌన్, హ్యాకింగ్... ఏది ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. వచ్చాక వ్యాపారం ఎలా కోలుకోవాలన్నది మాత్రం ముందే రాసి పెట్టుకోవచ్చు. మీ ఇంట్లో షాపు ఉన్నా, మీరే స్టార్టప్ పెట్టాలనుకుంటున్నా... ఇది మీ కోసమే.

2020 మార్చి 25 గుర్తుందా? ఆ రోజు ఉగాది. దేశమంతా లాక్‌డౌన్ మొదలైందీ ఆ రోజే. ప్రొద్దుటూరులో బట్టల షాపులు, బంగారం అంగళ్లు ఏడాదంతా ఎదురుచూసే సీజన్ అది. ఏప్రిల్ 26న అక్షయ తృతీయ వచ్చినా షట్టర్లు లేవలేదు. అంతకుముందు 2016 నవంబర్ 8 రాత్రి 500, 1000 నోట్లు రద్దయ్యాయి. నగదు మీద నడిచే బజారు ఒక్కసారిగా ఆగింది. 2021 నవంబర్ 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట వైపు ఊళ్లను ముంచేసింది. అదే వరదల్లో కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెన కూలింది.

ఐదేళ్లలో మూడు దెబ్బలు. నాలుగోది ఏ రూపంలో వస్తుందో తెలియకపోయినా సిద్ధం కావచ్చు.

రెండే ప్రశ్నలు

కార్పొరేట్ కంపెనీలు దీన్ని బిజినెస్ కంటిన్యుటీ ప్లానింగ్ అంటాయి. పేరు పెద్దదే కానీ మొదలయ్యేది రెండు ప్రశ్నలతోనే. షాపు మూతపడితే ఎన్ని రోజుల్లో మళ్లీ తెరవాలి? ఎన్ని రోజుల లెక్కలు పోయినా మళ్లీ రాసుకోగలం? మొదటిదాన్ని ఆర్‌టీఓ అంటారు (లైసెన్సులిచ్చే ఆఫీసు కాదండోయ్!), రెండోదాన్ని ఆర్‌పీఓ.

జవాబు కావాలంటే పెన్ను తీయండి. షాపు మూసినా ఆగని ఖర్చులు రాయండి: అద్దె, జీతాలు, బ్యాంకు వాయిదా, చీటీ. అన్నీ కలిపి నెలకు 90 వేలు అనుకుందాం. వెంటనే తీయగలిగే డబ్బు 1.8 లక్షలుంటే మీ ఊపిరి 2 నెలలు. అలమరల్లో ఉన్న సరుకును ఇందులో కలపొద్దు. కొనేవాళ్లు బయటికి రాలేని రోజుల్లో అది డబ్బు కాదు.

ప్రొద్దుటూరు: లెక్కలు ఎవరి దగ్గరున్నాయి?

చాలా షాపుల్లో బిల్లింగ్ అంతా ఒకే కంప్యూటర్‌లో ఉంటుంది. అప్పు ఖాతా పుస్తకం సొరుగులో ఉంటుంది. ఎవరికి ఎంత గడువిచ్చారన్నది నాన్న తలలో ఉంటుంది. ఆయన వారం రోజులు ఆసుపత్రిలో ఉంటే? అదీ సంక్షోభమే.

బ్యాకప్ ఉందిగా అంటారా? ఎక్కడుందో చూడండి. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే పెద్ద క్లౌడ్ కంపెనీ డేటా సెంటర్ తగలబడింది. బ్యాకప్ కూడా అక్కడే పెట్టుకున్న కస్టమర్లు రెండూ పోగొట్టుకున్నారు. కంప్యూటర్ పక్క సొరుగులో పెన్‌డ్రైవ్ పెట్టడమూ అలాంటిదే. 3-2-1 సూత్రం పాటించండి: 3 కాపీలు, 2 రకాల పరికరాల్లో, అందులో 1 వేరే చోట. ఖాతా పుస్తకం పేజీలను రోజూ రాత్రి ఫొటో తీసి క్లౌడ్‌లో పెట్టినా చాలు. నెలకోసారి ఆ బ్యాకప్ నిజంగా తెరుచుకుంటుందో లేదో చూడండి. జీఎస్టీ రికార్డులను వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలని మర్చిపోకండి.

2025 మార్చి 26న, మళ్లీ ఏప్రిల్ 12న దేశవ్యాప్తంగా యూపీఐ మొరాయించింది. అలాంటప్పుడు ఇంకో బ్యాంకు క్యూఆర్ కోడ్ పెట్టినా పెద్దగా లాభం ఉండదు. కార్డు మెషీన్, కాస్త చిల్లర, తెలిసిన కస్టమర్లకు రాసిచ్చే స్లిప్పు... ఇవే మీ రెండో దారి. ఖాతాలోంచి మోసంతో డబ్బు పోతే మాత్రం ఆలోచిస్తూ కూర్చోవద్దు. వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

జమ్మలమడుగు: దారి తెగితే?

పెన్నా పక్కన వ్యాపారం చేసేవాళ్లకు మైలవరం గేట్లు ఎత్తారన్న వార్త ఎంత ముఖ్యమో తెలుసు. సరుకు నేల మీద కాకుండా ఎత్తులో పెట్టడం మొదటి జాగ్రత్త. రెండోది దారి. కమలాపురం వైపు తెగితే ప్రొద్దుటూరు, మైదుకూరు మీదుగా కడప చేరొచ్చు. ఆ దారిలో వచ్చే ట్రాన్స్‌పోర్టు వాళ్ల నంబర్లు ఇప్పుడే మీ దగ్గరున్నాయా?

గండికోట టూరిస్టులను నమ్ముకుని లాడ్జీ, టెంట్లు, ట్యాక్సీ నడిపేవాళ్లకు ఇంకో పని ఉంది. బుకింగ్‌లు రద్దు చేయాల్సి వస్తే పంపే మెసేజ్ ముందే రాసి పెట్టుకోవాలి. పరిస్థితి ఏంటి, డబ్బు ఎప్పుడు వెనక్కి ఇస్తారు, ఎవరికి ఫోన్ చేయాలి... ఈ మూడూ ఉంటే చాలు. వాళ్లు అడిగేలోపే మీరు చెబితే నమ్మకం నిలబడుతుంది. మళ్లీ తెరిచినప్పుడు మొదట వచ్చేదీ వాళ్లే.

పులివెందుల: అంతా ఒక్కచోటే పెడితే?

2025 మార్చిలో ఈదురుగాలులకు లింగాల మండలంలో అరటి తోటలు గెలలతో సహా నేలకొరిగాయి. నష్టం రైతుకే కాదు. ముందుగా డబ్బు కట్టి తోటలు గుత్తకు తీసుకున్న వ్యాపారికీ తప్పదు. తోటలన్నీ ఒకే మండలంలో ఉంటే ఒక్క గాలివాన చాలు. నాలుగు చోట్ల తీసుకుంటే తిరుగుడు ఎక్కువే, కానీ ఒక్క రాత్రిలో మునిగిపోరు. అరటి, చీనీ రెండింటికీ కనీసం ఇద్దరు కొనుగోలుదారులు ఉండేలా చూసుకోండి. ఉత్తరాది మార్కెట్‌కు లారీలు ఆగితే దగ్గర్లో ఎవరు కొంటారో తెలిసి ఉండాలి. కోసిన అరటి మనకోసం ఆగదు కదా!

బీమా కాగితం తీసి చదవండి

2021 ఏప్రిల్ 1 నుంచి చిన్న వ్యాపారాలకు ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ అనే పాలసీ అందుబాటులో ఉంది. భవనం, యంత్రాలు, సరుకు కలిపి విలువ 5 కోట్ల లోపు ఉంటే ఇది వర్తిస్తుంది. అగ్నిప్రమాదంతో పాటు తుపాను, వరద నష్టాలూ ఇందులోకి వస్తాయి. అయితే బ్యాంకు లోను కోసం తీసుకున్న బీమా ఏ మొత్తానికి ఉందో, సరుకు అందులో ఉందో లేదో చాలామంది చూడరు. ఈ వారమే చూడండి. సరుకు ఫొటోలు, కొనుగోలు బిల్లులు షాపు బయట ఒక కాపీ ఉంచండి. క్లెయిమ్ రోజున అడిగేవి అవే.

ఒక్క పేజీ చాలు

● షాపు తరఫున నిర్ణయం తీసుకునే ఇద్దరి పేర్లు (ఒకరు లేకపోతే రెండోవారు)
● బ్యాంకు, బీమా, సప్లయర్లు, ట్రాన్స్‌పోర్టు, ఎలక్ట్రీషియన్ ఫోన్ నంబర్లు
● బ్యాకప్ ఎక్కడుంది, ఎవరు తెరవగలరు
● మొదటి రోజు ఏం చేయాలి, మొదటి వారం ఏం చేయాలి
● డబ్బు తక్కువైతే ముందు ఎవరికి చెల్లించాలి

దీన్ని ప్రింట్ తీసి ఒకటి షాపులో, ఒకటి ఇంట్లో పెట్టండి. ఫోన్‌లో మాత్రమే ఉంటే కరెంటు లేని రోజున పనికిరాదు.

ఇందులో కెరీర్ కూడా ఉంది

బిజినెస్ కంటిన్యుటీ అనలిస్ట్, డిజాస్టర్ రికవరీ ఇంజినీర్, సైట్ రిలయబిలిటీ ఇంజినీర్... ఈ ఉద్యోగాలన్నిటి సారం ఇదే. బ్యాంకులు క్రమం తప్పకుండా రికవరీ డ్రిల్స్ చేయాలన్నది ఆర్‌బీఐ నిబంధన. సైబర్ దాడి జరిగితే తెలిసిన 6 గంటల్లోపు చెప్పాలని సెర్ట్-ఇన్ 2022లో ఆదేశించింది. ఈ రంగానికి అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 22301. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలోనో, పులివెందుల జేఎన్‌టీయూలోనో, ప్రొద్దుటూరు వైవీయూ ఇంజినీరింగ్ కాలేజీలోనో చదువుతుంటే మినీ ప్రాజెక్టుగా ఒక నిజమైన షాపుకు బ్యాకప్, రికవరీ ప్లాన్ చేసి చూపించండి. ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి సొంత పని ఒకటి ఉంటుంది.

చివరగా, ప్లాన్ పనిచేస్తుందో లేదో తేల్చే పరీక్ష ఒకటుంది. ఒక ఆదివారం నాన్నను ఫోన్ ఆపేసి ఇంట్లోనే ఉండమనండి. ఆ ఒక్క పేజీ చేతిలో పెట్టుకుని మధ్యాహ్నం దాకా షాపు మీరే నడపండి. ఎక్కడ ఆగిపోతారో అక్కడే మీ ప్లాన్‌లో ఇంకో లైను రాయాలి.