చుట్టకుదురులోని సూర్యాగ్ని



మా మంగళగిరిలో గాలిగోపురపు నీడను సాయంకాలము కూర్చుండు పెద్దలలో ఒకరు, పూర్వము కృష్ణకాలువ లాకులకడ లస్కరుగా నుండినవారు, మొన్న నన్నిట్లడిగిరి: "నేలమీద సూర్యుని పుట్టింతురట గదా! ఆ నిప్పును ఏ కుండలో నుంచెదరు?" వారడిగినది కుండను గూర్చియే కాని, నాకు స్ఫురించినది కుండక్రింద నుంచు చుట్టకుదురు.

1950 తరువాతి సంవత్సరములలో మాస్కో శాస్త్రజ్ఞులు కల్పించిన టోకమాక్ అను యంత్రము ఆకారమున అచ్చముగా చుట్టకుదురే. లోపల మాత్రము బోలు. మన దేశమున గాంధీనగరము చెంత ‘ఆదిత్య’ అను టోకమాక్ 1989లో పని నారంభించెను. ఫ్రాన్సు దక్షిణభాగమున పలుదేశములు కలసి నిర్మించుచున్న ‘ఈటర్’ అను మహాయంత్రమునకు మనదేశమును భాగస్వామియే. దానిని చుట్టియుండు దాదాపు 30 మీటర్ల ఎత్తుగల ఉక్కుపాత్రను చేయించి యిచ్చినది మనమే. కావున కుండ మనదే యనవచ్చును. అయినను నిప్పును పట్టియుంచునది ఆ కుండ కాదు.

ఏలయన, ఉదజని జాతి వాయువులను 15 కోట్ల డిగ్రీల వఱకు కాచినయెడల పరమాణువులు పగిలి, విద్యుత్తుగల కణముల ముద్దయగును. దానికే ప్లాస్మా యని పేరు. ఆ వేడిమికి తాళగల లోహము లేదు. విద్యుత్కణములు అయస్కాంత రేఖలను విడువక, వానిచుట్టు తిరుగుచు పోవును గనుక, ఆ రేఖలనే గోడగా నమర్చిరి. కుదురుచుట్టు ఎండుగడ్డి మెలివడి పోవునట్లు ఈ రేఖలును మెలివడి పోవును.

ఇచ్చటనే చిక్కున్నది. ఎంత నేర్పరి బిగించినను పెద్ద తీగచుట్టలు కొన్ని మిల్లీమీటర్లు ప్రక్కకు ఒరగక మానవు. అందువలన అయస్కాంత బలములో పదివేలలో ఒక వంతు దోషము కలుగును. అంత స్వల్పమైన దానివలన భయమేమని తోచును గదా! కాని కొన్ని పొరలలో రేఖ రెండు మూడు చుట్లు తిరిగి తాను బయలుదేరిన చోటికే వచ్చును. వెలుపలి దోషమునకును అదే మెలి యున్నయెడల, ప్రతి చుట్టునను అదే తావున త్రోపు పడుచుండును. ఉయ్యాలను సమయమెఱిగి పసిబిడ్డ త్రోసినను అది ఎంతయెత్తునకు పోవునో మీరెఱుగుదురు. అప్పుడా పొరలో రేఖలు తెగి, వేఱువిధమున అతుకుకొని, కృష్ణలోని లంకలవంటి లంక లేర్పడును. వానిగుండ వేడిమి వెలుపలికి జాఱిపోవును.

అయినను ప్లాస్మా ఊరకుండు పదార్థము కాదు; అది తన కుదురులో గిఱ్ఱున తిరుగుచుండును. తిరుగుచున్నంతకాలము ఆ పొరలో ఎదురు విద్యుత్ప్రవాహము పుట్టి దోషమును అణచివేయును. కుమ్మరిసారె వడిగా తిరుగునపుడు వ్రేలు తాకినను మట్టికి ఒకప్రక్క సొట్ట పడదు. సారె మందగించినచో పడును. అయితే ఆ అడ్డు ఊరక రాదు. అణచుకొలది ప్లాస్మా వేగము తగ్గును. ఒక మేరవఱకు నిలిచి, అటుపై హఠాత్తుగా లొంగిపోవును. లంక పెరిగి ఒకచోట బిగిసికొనును. పిమ్మట సెకనులో కొన్ని వేయవవంతులలో ప్లాస్మా అంతయు కూలిపోవచ్చును. అందుచేతనే దోషమును సరిదిద్దుటకు వేఱు తీగచుట్టలను గూడ అమర్చుదురు.

ఇంతవఱకు శత్రువైన ఈ త్రోపు మిత్రముగా మాఱిన కథ మఱింత రుచికరమైనది. 1982లో జర్మనీలోని గార్షింగ్ పట్టణమున ప్లాస్మా అంచు కరకట్టవలె నిట్టనిలువుగా నిలిచి, వేడిమిని చక్కగా పట్టియుంచు స్థితి యొకటి బయల్పడెను. అయితే కట్ట నిలువైనకొలది ఒత్తిడి హెచ్చి, మాటిమాటికి గండి పడుచుండెను. చిన్న యంత్రమునకు అది సైపదగినదే. ఈటర్ వంటి దానిలో ఒక్కొక్క గండివేడిమికి టంగ్‌స్టన్ పలకల అంచులు కరగు నపాయము గలదు. 2004లో అమెరికాలోని శాన్‌డియాగో వారు వెలుపలి తీగచుట్టలచే బుద్ధిపూర్వకముగా స్వల్పదోషమును అంచునకు కలిగించి, ఆ గండ్లను మాన్పగలిగితిమని ప్రకటించిరి. కొంచెము కొంచెముగా కాఱనిచ్చుటచే ఒత్తిడి తెగు మేరకు చేరదు. తరువాత కొరియాలోను, జర్మనీలోను ఇట్లే జరిగెను. ఈటరులో దీనికై 27 తీగచుట్టలను నిర్ణయించిరి.

లస్కరు పెద్ద ఇది విని నవ్వి, "వఱద రాకమున్నే తూము తెఱచుట గదా!" యనిరి. ఔను. కాని తూము హెచ్చుగా తెఱచిన ప్లాస్మా పలుచనగును, లోపలి భ్రమణము మందగించును. తక్కువగా తెఱచిన గండి ఆగదు. పైగా అంచులోని మెలి కొన్ని నియమిత పరిమాణములలో నున్నప్పుడే ఈ ఉపాయము పనిచేయును. నా దృష్టిలో నిప్పును పుట్టించుటకంటె ఈ తూమును కొలతగా తెఱచుటయే కష్టతరమైన పని.

పిమ్మట వారు కరెంటు మాట యడిగిరి. ఈ నిప్పునుండి ఏ యూరి దీపమునకును ఇంతవఱకు ఒక్క యూనిట్టు రాలేదని చెప్పితిని. "మా కాలమున రాదులే" అని వారు చేతికఱ్ఱ తీసికొని లేచిరి.