ఒకే విండోస్, రెండు యంత్రాలు

లినక్స్ వైపు మళ్లిన తెలుగు డీటీపీ పనివాళ్లకు ఒక ఇబ్బంది తప్పదు. మెయిళ్లు, బ్రౌజింగ్, రాతకోతలు అన్నీ ఉబుంటులో హాయిగా సాగిపోతాయి. పాత పుస్తకం ఫైలు తెరవాల్సి వచ్చినప్పుడు మాత్రం అను ఫాంట్లు, పేజ్‌మేకర్ కావాలి. అవి విండోస్‌లో ఉంటాయి. అందుకని ఒకే ల్యాప్‌టాప్‌లో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లూ పెట్టుకుంటారు. ఈ డ్యూయల్ బూట్ ఏర్పాటులో అటు నుంచి ఇటు రావాలంటే తెరిచినవన్నీ మూసేసి, రీస్టార్ట్ చేసి, గ్రబ్ అనే బూట్ మెనూలో రెండోదాన్ని ఎంచుకోవాలి. టాలీ కోసం విండోస్ ఉంచుకున్న అకౌంటెంట్లకూ ఇదే అవస్థ.

రీస్టార్ట్ లేకుండా పని జరిపించే దారి ఒకటుంది. వర్చువల్‌బాక్స్, వీఎంవేర్, కేవీఎం వంటివి కంప్యూటర్ లోపలే మరో కంప్యూటర్‌ను, అంటే వర్చువల్ మెషీన్‌ను, సాఫ్ట్‌వేర్‌తో సృష్టిస్తాయి. మామూలుగా ఆ లోపలి యంత్రానికి హార్డ్‌డిస్క్ అంటే ఒక పెద్ద ఫైలు, అంతే. దాని బదులు అసలు డిస్క్‌లోని విండోస్ పార్టిషన్‌నే నేరుగా అప్పగించవచ్చు. అప్పుడు ఉబుంటు నడుస్తుండగానే, ఒక కిటికీలో, వాడేవారి సొంత విండోస్ వారి ఫైళ్లతో సహా తెరుచుకోవాలి.

కానీ చాలామందికి మొదటిసారి కనిపించేది నీలి తెర. లోగో వస్తుంది, చుక్కలు నాలుగైదు సార్లు తిరుగుతాయి, ‘ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్’ అన్న సందేశంతో ఆగిపోతుంది. గంట క్రితం వరకు అదే ల్యాప్‌టాప్‌లో సవ్యంగా పనిచేసిన విండోసే అది. ఏం చెడింది?

చెడింది ఏమీ లేదు. దాని కింద యంత్రం మారింది. వర్చువల్ మెషీన్ తన లోపలి సిస్టమ్‌కు అసలు ల్యాప్‌టాప్ భాగాలను చూపించదు, తాను అనుకరించే భాగాలను చూపిస్తుంది. కేవీఎంతో జోడీగా నడిచే క్యూఈఎంయూ ఇప్పటికీ అనుకరించే 440ఎఫ్‌ఎక్స్ చిప్‌సెట్‌ను ఇంటెల్ 1996లో విడుదల చేసింది. వర్చువల్‌బాక్స్‌లో కనిపించే పీఐఐఎక్స్3 కూడా ఆ తరానిదే. నిన్నమొన్నటి ఎన్‌వీఎంఈ డిస్క్ మీద ఇన్‌స్టాల్ అయిన విండోస్ కళ్లు తెరిచేసరికి పాతికేళ్లు దాటిన మదర్‌బోర్డు ఎదురవుతుంది.

అయినా లోగో దాకా ఎలా వచ్చిందన్నది ఆసక్తికరమైన విషయం. బూటింగ్ తొలి దశలో డిస్క్ నుంచి చదివిపెట్టే పని ఫర్మ్‌వేర్‌ది. దాని సాయంతోనే విండోస్ తన కెర్నల్‌ను, అత్యవసరమైన కొన్ని డ్రైవర్లను మెమరీలోకి తెచ్చుకుంటుంది. ఆ తర్వాత ఫర్మ్‌వేర్‌ను పక్కకు జరిపి, సొంత డ్రైవర్‌తో డిస్క్‌ను చదవబోతుంది. ఏ డ్రైవర్ అత్యవసరమో రిజిస్ట్రీలో ముందే రాసి ఉంటుంది. ల్యాప్‌టాప్‌లో ఏ డిస్క్ కంట్రోలర్ ఉందో దాని డ్రైవర్‌కే ఆ గుర్తింపు. మిగతావి నిద్రలో ఉంటాయి. కొత్త కంట్రోలర్‌కు సరిపడే డ్రైవర్ డిస్క్‌లో ఉంటుంది గాని, దాన్ని అందుకోవాలంటే ముందు ఆ డిస్క్‌నే చదవగలగాలి. చిక్కుముడి అక్కడ పడుతుంది. ఇంటెల్ వీఎండీ పద్ధతిలో డిస్క్‌ను నడిపే ల్యాప్‌టాప్‌లలో ఈ ముడి మరీ బిగుసుకుంటుంది, ఎందుకంటే అక్కడ విండోస్ నమ్ముకున్నది ఇంటెల్ వారి ప్రత్యేక డ్రైవర్‌ను.

దీన్ని విప్పే పని వర్చువల్ మెషీన్‌లో మొదలుకాదు. ముందు ల్యాప్‌టాప్‌ను మామూలుగానే విండోస్‌లో తెరిచి, ఎంఎస్‌కాన్ఫిగ్‌లోని బూట్ విభాగంలో సేఫ్ బూట్‌కు టిక్ పెట్టి, పూర్తిగా షట్‌డౌన్ చేయాలి. వర్చువల్ మెషీన్ సెట్టింగుల్లో డిస్క్‌ను ఐడీఈ కింద కాకుండా సాటా కింద తగిలించాలి. సేఫ్ మోడ్‌లో విండోస్ నిద్రలో ఉన్న ప్రాథమిక డ్రైవర్లను కూడా లేపుతుంది కాబట్టి చాలావరకు ఈసారి డెస్క్‌టాప్ వస్తుంది. ఒకసారి వచ్చాక సాటా డ్రైవర్‌కు అత్యవసరం గుర్తింపు దక్కుతుంది, టిక్ తీసేయవచ్చు. కేవీఎంలో ఇంకా వేగవంతమైన వర్ట్‌ఐఓ డిస్క్ కావాలనుకునేవారు అంతటితో ఆగక, ఒక చిన్న ఖాళీ డిస్క్‌ను వర్ట్‌ఐఓ పద్ధతిలో అదనంగా తగిలించి, దాని డ్రైవర్ ఇన్‌స్టాల్ చేసుకున్నాకే అసలు డిస్క్‌ను అందులోకి మారుస్తారు.

యాపిల్ వాడకందారులకు ఈ తిప్పలు పెద్దగా తెలియలేదు. మ్యాక్‌లో విండోస్ పెట్టుకునే బూట్ క్యాంప్ 2006లో వచ్చింది. ఆ మరుసటి ఏడాదికే ప్యారలల్స్, వీఎంవేర్ ఫ్యూజన్ రెండూ అదే విండోస్ పార్టిషన్‌ను మ్యాక్ లోపల తెరిచే సదుపాయం ఇచ్చాయి. డ్రైవర్ల సర్దుబాటు ఆ ప్రోగ్రాములే చూసుకునేవి. మిగతా చోట్ల ఆ పని మనిషి చేసుకోవాలి.

లోగో కూడా రాకుండా నల్ల తెర మీదే ఆగిపోతే కారణం వేరు. నేటి ల్యాప్‌టాప్‌లు యూఈఎఫ్ఐ పద్ధతిలో బూట్ అవుతాయి. వర్చువల్ మెషీన్ పాత బయాస్ పద్ధతిలో ఉంటే సెట్టింగుల్లో ఈఎఫ్ఐని ఆన్ చేయాలి. ఆ తర్వాత కూడా, ఏ బూట్ ఫైలు ఎక్కడుందో అసలు మదర్‌బోర్డుకు గుర్తుంటుంది గాని కొత్త యంత్రానికి ఆ జ్ఞాపకం ఉండదు. ఫర్మ్‌వేర్ మెనూలోకి వెళ్లి మైక్రోసాఫ్ట్ ఫోల్డర్‌లోని బూట్ ఫైలును ఒకసారి చేత్తో చూపించాలి. డిస్క్‌కు బిట్‌లాకర్ తాళం ఉన్నచోట 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది క్రాష్ కాదు, యంత్రం మారిందని టీపీఎం భద్రత పసిగట్టడం. ఆ కీని ముందే రాసిపెట్టుకోకుండా ఈ పనికి దిగకూడదు.

తిరగేసి, విండోస్ లోపల లినక్స్‌ను తెరిచేవారికి కాస్త సులువు. ఉబుంటు తన తొలి బూట్ ఫైలులో రకరకాల డ్రైవర్లను ముందే కూర్చుకుంటుంది. ఫెడోరా ఆ యంత్రానికి కావలసినవే పెట్టుకుంటుంది కాబట్టి ఎమర్జెన్సీ షెల్‌లో ఆగిపోవచ్చు. గ్రబ్ మెనూలోని రెస్క్యూ ఎంట్రీతో లోపలికి వెళ్లి, డ్రాకట్ అనే ఆదేశంతో ఆ బూట్ ఫైలును అన్ని డ్రైవర్లతో మళ్లీ తయారుచేస్తే సరిపోతుంది. పార్టిషన్ల జాబితా ఉండే ఎఫ్‌స్ట్యాబ్ ఫైలులో వాటిని పేర్లతో కాకుండా యూయూఐడీలతో రాసి ఉంచడం కూడా అవసరం. ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీఎంఈ పేరుతో ఉన్న డిస్క్ వర్చువల్ మెషీన్‌లో ఎస్‌డీఏ అవుతుంది.

క్రాష్ భయపెడుతుంది గాని నష్టం చేయడం అరుదు. అసలు ప్రమాదం బూట్ సాఫీగా జరిగినప్పుడే పొంచి ఉంటుంది. మొత్తం డిస్క్‌ను అప్పగిస్తే వర్చువల్ మెషీన్‌లో వచ్చే గ్రబ్ మెనూలో ఉబుంటు కూడా కనిపిస్తుంది. బయట నడుస్తున్న ఉబుంటునే లోపల మళ్లీ ఎంచుకుంటే, ఒకే ఖాతా పుస్తకంలో ఇద్దరు గుమాస్తాలు ఒకరి రాత ఒకరు చూడకుండా పద్దులు వేసినట్టే. ఫైల్ సిస్టమ్ నిమిషాల్లో ధ్వంసమవుతుంది. విండోస్ పార్టిషన్‌ను ఉబుంటు ఫైల్ మేనేజర్‌లో తెరిచి ఉంచి, అదే సమయంలో లోపల విండోస్‌ను బూట్ చేసినా ఇదే జరుగుతుంది. అందుకే డిస్క్ మొత్తాన్ని కాకుండా కావలసిన పార్టిషన్లనే అప్పగించే ఏర్పాటు వర్చువల్‌బాక్స్‌లో ఉంది. బూట్ భాగాన్ని కూడా విడిగా ఒక చిన్న ఫైల్ డిస్క్‌లో పెట్టుకుంటే ఇంకా మంచిది.

ఇలాంటి మరో ప్రమాదం ఫాస్ట్ స్టార్టప్. 2012లో విండోస్ 8తో వచ్చిన ఈ సదుపాయం వల్ల షట్‌డౌన్ నొక్కినా సిస్టమ్ పూర్తిగా ఆగదు; కెర్నల్ స్థితి డిస్క్‌లో ఒక ఫైలుగా దాగుతుంది. ఒక యంత్రంలో నిద్రపోయిన కెర్నల్‌ను మరో యంత్రంలో లేపబోతే క్రాష్ కావడమో, ఫైళ్లు చెడడమో జరుగుతుంది. హైబర్నేషన్‌ను పూర్తిగా ఆపేయడం దీనికి తగిన మందు. వర్చువల్ మెషీన్ స్థితిని దాచిపెట్టే స్నాప్‌షాట్ల జోలికీ పోకూడదు. స్నాప్‌షాట్ తీశాక అదే విండోస్‌ను ల్యాప్‌టాప్‌లో మామూలుగా వాడితే కింద డిస్క్ మారిపోతుంది, పైన దాచిన మార్పులు దానికి అతకవు.

ఇంత సాహసం వద్దనుకునేవారికి మైక్రోసాఫ్ట్ సిస్‌ఇంటర్నల్స్ వారి డిస్క్‌టూవీహెచ్‌డీ అనే చిన్న ఉచిత ప్రోగ్రాము ఉంది. నడుస్తున్న విండోస్‌కు నకలు తీసి, వర్చువల్ మెషీన్‌లో తెరవగలిగే ఫైలుగా ఇస్తుంది. నీలి తెరలు ఆ నకలులోనూ రావచ్చు, యాక్టివేషన్ చేయమని అడగనూ వచ్చు. కానీ అసలు పార్టిషన్‌లోని పుస్తకాల ఫైళ్లకు ఏ ముప్పూ ఉండదు.