నటచిత్రాలు – షరాకు

జపాను దేశంలోని నేటి టోక్యో నగరానికి పూర్వనామం ‘ఎడో’. అక్కడి ప్రజలకు ‘కబుకి’ నాటకాలంటే మిక్కిలి ప్రీతి. 1629లో ప్రభుత్వం స్త్రీలు రంగస్థలం ఎక్కరాదని నిషేధించింది. కాలక్రమంలో స్త్రీ పాత్రలను కూడా పురుషులే ధరించే సంప్రదాయం స్థిరపడింది. అభిమాన నటుల రూపాలను ఇంట ఉంచుకోవాలనే ప్రేక్షకుల కోరికను తీర్చినవే ‘యకుషా-ఎ’ అనే నటచిత్రాలు.

చిత్రకారుడు గీసిన బొమ్మను చెక్కడపు పనివాడు కొయ్యపలకపై మలచేవాడు. ముద్రించేవాడు ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క పలకను ఉపయోగించి కాగితంపై అచ్చువేసేవాడు. అందువల్ల ఈ చిత్రాలు సామాన్యులకు సైతం అందుబాటులో ఉండేవి.

1794లో తోషూసాయ్ షరాకు ఈ రంగంలో ప్రవేశించాడు. ఆనాటి చిత్రకారులు సాధారణంగా నటులను అందంగా తీర్చిదిద్దేవారు. షరాకు మాత్రం వేషం వెనుకనున్న మనిషిని చూపాడు. అతని చిత్రాలలో స్త్రీ వేషధారి సుకుమారమైన అలంకరణ నడుమ పురుషుని మోటైన దవడ స్పష్టంగా కనిపిస్తుంది. సొమ్ము దోచుకోబోయే ఎడోబెయ్ పాత్రలో ఒతాని ఒనిజి చిత్రం సుప్రసిద్ధం. బిగించిన పెదవులు, తీక్ష్ణమైన చూపు, వేళ్లు చాచిన చేతులు ఆ పాత్ర క్రౌర్యాన్ని కళ్లకు కట్టిస్తాయి.

అయితే సుమారు పది నెలల్లో నూట నలభైకి పైగా చిత్రాలను అందించిన షరాకు 1795 ఆరంభంలో కనుమరుగయ్యాడు. సత్యాన్ని మితిమీరి చిత్రించబోయినందువల్లనే అతడు ఎక్కువకాలం నిలవలేదని సమకాలికుడొకరు వ్రాశాడు. 1910లో జర్మన్ పండితుడు యూలియస్ కుర్ట్ రచించిన గ్రంథంతో షరాకు కీర్తి ఐరోపాలో వ్యాపించింది. ఆనాడు లోపంగా తోచిన యథార్థతే నేడు అతని కళకు ప్రాణంగా గౌరవం పొందుతున్నది.